రాయి లేచే చోటే ఆపాలి

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లలో చాలామంది బతుకు పట్టాలనే నమ్ముకుని సాగింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు మావి. మా నాన్నగారు లోకో షెడ్డు మనిషి. నేను మాత్రం రోడ్డెక్కాను. సిర్‌గిట్టీ దగ్గర రికవరీ బండి పెట్టుకుని, దారిలో చెడిపోయిన కార్లనీ జీపులనీ కట్టి లాక్కొచ్చే పని చేశాను. ఇక్కడి మెకానిక్కులు దాన్ని టోచన్ అంటారు. ఇప్పుడు ఆ బండి మా అబ్బాయి చూసుకుంటున్నాడు.

టెక్సస్‌లో ఉన్న మా మేనల్లుడు ఒక మోటార్‌హోమ్ కొన్నాడు. అందులోనే వంటిల్లు, పడక, స్నానాల గది అన్నీ ఉంటాయి. దాని వెనక చిన్న కారును తగిలించుకుని ఊళ్లు తిరుగుతాడు. "మామయ్యా, మొదటిసారికే కారు ముఖమంతా చెక్కుకుపోయింది. నువ్వు బొగ్గు లారీల రోడ్డు మీద ఇన్ని బళ్లు లాగావు కదా, ఏం చేసేవాడివి?" అని ఫోన్లో అడిగాడు. వాడికి చెప్పిన మాటలే ఇవి. మన రోడ్లకు పనికొచ్చేవి మరికొన్ని కలిపాను. మన దగ్గర కూడా టెంపో ట్రావెలర్లను కేరవాన్లుగా మార్చుకునే కుర్రాళ్లు బయల్దేరారు కాబట్టి వాళ్లకూ ఇవి అవసరమే.

1. దెబ్బలు ఎక్కడ పడ్డాయో ముందు చూడండి

రతన్‌పూర్, పాలీ మీదుగా కట్‌ఘోరా వైపు పోయే 130వ నంబరు జాతీయ రహదారి మీద గెవ్రా, దీప్కా, కుస్ముండా గనుల తాలూకు బొగ్గు లారీలు తిరుగుతాయి. ఆ రోడ్డు మీద కారుకు దెబ్బ తగిలితే అందరూ తప్పు పక్క లారీ మీదకే నెట్టేస్తారు. కట్టి లాగే కారు సంగతి వేరు. దానికి తగిలే రాళ్లలో ఎక్కువ భాగం దాన్ని లాగుతున్న బండి వెనక టైర్లు విసిరినవే.

కారు ముందు వంగి కూర్చుని చూస్తే మీకే తెలుస్తుంది. బంపరు కింది భాగం, లైట్ల కింది సగం, బానెట్ ముందు అంచు, ఈ మూడు చోట్లా చిన్న చిన్న తెల్ల చుక్కల్లా పెయింట్ లేచిపోయిందంటే అది ముందు బండి పని. అద్దం పై భాగంలోనో, కారు కప్పు మీదో తగిలిందంటే అది ఎదురుగా వచ్చిన బండిదో, ఏ లోడు మీంచో జారిపడిందో. దెబ్బలన్నీ ఒకే పక్కన ఉంటే ముందు బండికి ఆ పక్క మడ్‌ఫ్లాప్ చిరిగిపోయి ఉంటుంది, పోయి చూడండి. ఈ పరీక్ష చేయకుండా కవర్ల కోసం, ఫిల్ముల కోసం డబ్బు పోయొద్దు.

2. జంట టైర్ల సందులో చూడండి

లారీకీ బస్సుకీ వెనక రెండేసి టైర్లు జంటగా ఉంటాయి. వాటి మధ్య సందులో కోడిగుడ్డంత రాయి ఇరుక్కుంటే మైళ్లకొద్దీ అలాగే తిరుగుతుంది. బండి వేగం పుంజుకున్నాక ఎక్కడో ఊడి, ఫిరంగిగుండులా వెనక్కి వస్తుంది. అలాంటి ఒక్క రాయి చాలు, రేడియేటర్ చిల్లు పడటానికి.

మట్టిరోడ్డు దిగి తారురోడ్డు ఎక్కగానే బండి ఆపాలి. ఇనుప కడ్డీతో రెండు వైపులా సందుల్లో పొడిచి చూడాలి. ట్రెడ్డు గాడుల్లో ఇరుక్కున్న కంకర చిప్స్‌ని స్క్రూడ్రైవర్‌తో తీసేయాలి. మా క్లీనర్ కుర్రాడికి నేను నేర్పిన మొదటి పని ఇదే. రోడ్డు పనులు జరుగుతున్న చోట, కొత్తగా తారు పోసి చిప్స్ చల్లిన చోట ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. ఎండాకాలంలో ఆ తారు మెత్తబడి చిప్స్‌ని టైరుకు అతికిస్తుంది.

3. మడ్‌ఫ్లాపే అసలు కవచం

దీని గురించి ఎక్కువ చెప్పాలి. ఎక్కువమంది దీన్నే పట్టించుకోరు.

షోరూం నుంచి బండితో వచ్చే ఫ్లాపు పల్చటి ప్లాస్టిక్కో, పల్చటి రబ్బరో అయ్యుంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు నిటారుగా, చూడ్డానికి బాగానే ఉంటుంది. బండి వేగం 60 దాటిందంటే గాలికి వెనక్కి లేచిపోతుంది. దాని కిందనుంచి రాళ్లు హాయిగా వెళ్లిపోతాయి. నమ్మకం లేకపోతే ఎవరినైనా పక్క బండిలో రమ్మని, మీ ఫ్లాపు ఎలా ఉందో ఫోన్లో వీడియో తీయమనండి.

మేం వాడింది కన్వేయర్ బెల్టు రబ్బరు. బొగ్గు గనుల్లో అరిగిపోయిన బెల్టుల్ని తుక్కుగా అమ్మేస్తారు. లోపల గుడ్డ పొరలుండి, బయట మందపాటి రబ్బరుంటుంది. కత్తికి ఓ పట్టాన తెగదు, రంపంతో కోయాలి. జంట టైర్ల మొత్తం వెడల్పు కంటే రెండు వేళ్లు ఎక్కువగా కోయించేవాణ్ణి. బండి లోడుతో ఉన్నప్పుడు ఫ్లాపు అడుగంచు నేలకు జానెడు ఎత్తులో ఉండాలి. అంతకన్నా కిందికి దిగితే స్పీడ్ బ్రేకర్ మీద ఈడ్చుకుని, రివర్సులో టైరు కింద పడి చిరుగుతుంది. పైకి పోతే ఉన్నా లేనట్టే. ఖాళీ బండికి కొలత తీసి బిగిస్తే లోడు ఎక్కాక నేలను రాస్తుంది. అందుకే లోడుతోనే కొలవాలి.

పైన బిగించేటప్పుడు ఉత్తి బోల్టులు చాలవు. రబ్బరుకు అడ్డంగా ఒక ఇనుప పట్టీ వేసి, దాని మీంచి బోల్టు దింపి లాక్ నట్టు బిగించాలి. లేకపోతే బోల్టు తల చుట్టూ రబ్బరు చిరిగి, ఒక రోజు ఫ్లాపే ఊడి వెనక కారు అద్దం మీద పడుతుంది. అడుగున బరువు కోసం ఇనుము తగిలించే అలవాటు కొందరికి ఉంది. నాకు అది ఇష్టం లేదు. ఊడితే అదే పెద్ద రాయి అవుతుంది. బరువు కావాలంటే మందపాటి రబ్బరే వాడండి. ఇంకా లేస్తుంటే ఫ్లాపు కింది మూలల నుంచి ఛాసిస్‌కి ముందువైపు సన్నటి గొలుసు కట్టండి.

4. రెండు ఫ్లాపుల మధ్య ఖాళీ

ముందు చక్రాలు లేపిన రాళ్లు బండి కిందనుంచి దొర్లుతూ, యాక్సిల్‌కీ స్టెప్నీకీ తగులుతూ వచ్చి రెండు ఫ్లాపుల మధ్య నుంచి బయటపడతాయి. పెద్ద మోటార్‌హోమ్‌లకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే ఫ్లాపు వేలాడదీస్తారు. బండినీ కారునూ కలిపే టోబార్ మీద గట్టి వలలాంటి తెర కట్టేవాళ్లూ ఉన్నారు. రెండూ పనికొచ్చేవే.

అయితే మా మేనల్లుడికి ఒక హెచ్చరిక చేశాను. ఇంజను వెనక ఉండే బండి అయితే, అడ్డంగా వేసిన తెర మరీ కిందికి దిగకూడదు. అలాంటి చాలా బళ్లలో రేడియేటర్ మీంచి వచ్చిన వేడిగాలి కిందనుంచే బయటికి పోవాలి. దానికి దారి మూసేస్తే ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కుతుంది. తెర కట్టిన మొదటి ప్రయాణంలో టెంపరేచర్ ముల్లు మీద ఓ కన్ను వేసి ఉంచాలి. పెరుగుతోందనిపిస్తే మధ్య భాగాన్ని కొంచెం కత్తిరించాలి.

5. కారు మీద టార్పాలిన్ కప్పొద్దు

మన పెద్దవాళ్లకు ఏ వస్తువునైనా కప్పి పంపడం అలవాటు. బీరువాకు పనికొచ్చే ఆ జాగ్రత్త కారుకు చేటు. టార్పాలిన్ ఎంత బిగించి కట్టినా గాలి దూరి కొట్టుకుంటూనే ఉంటుంది. బట్టకీ పెయింట్‌కీ మధ్య చేరిన ఇసుక రేణువులు ఆ కొట్టుడికి ఉప్పుకాగితంలా పని చేస్తాయి.

ఒకసారి అంబికాపూర్ వైపు నుంచి ఒక నల్ల కారును తెచ్చాం. రాళ్ల భయంతో యజమానే దగ్గరుండి దాన్ని మెత్తటి దుప్పట్లతో, పైన టార్పాలిన్‌తో మూటకట్టించాడు. ఇక్కడికొచ్చి విప్పితే ఒక్క రాయి దెబ్బ లేదు. బానెట్ మాత్రం మసకబారింది. ఎండలో నిలబెట్టి చూస్తే గీతల మీద గీతలు, తాడు పడిన రెండు చోట్లయితే మెరుపే లేదు. కారు పెయింట్ పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ. అందులో పైనుండే పారదర్శకమైన పొర సగం కూడా ఉండదు. అది అరిగితే పాలిష్ పట్టడానికి మిగిలేది లేదు. రాయి తగిలితే ఒక చుక్క పోతుంది, దానికి టచప్ పెయింట్ ఉంది. కవరు రాస్తే పలకలకు పలకలే పోతాయి.

డబ్బు పెట్టగలిగినవాళ్లు ఒంటికి అతుక్కుని ఉండే పాలీయురేథేన్ ఫిల్ము వేయించుకోవచ్చు. హెలికాప్టర్ రెక్కల అంచుల్ని ఇసుక నుంచి కాపాడటానికి మొదట వాడిన రకం పదార్థం అది. మిల్లీమీటరులో ఐదో వంతు మందం, అంటే పెయింట్‌కి రెండింతలు. కారంతా అక్కర్లేదు. బంపరు, బానెట్ ముందు భాగం, పక్క అద్దాల చెవులు చాలు.

6. చెడిన కారైతే గ్రిల్ మూసేయొచ్చు

కట్టి లాగే కారులో ఇంజను నడవదు. కాబట్టి దానికి గాలి అవసరం లేదు. బ్యానర్లు అచ్చువేసే షాపుల్లో దొరికే సన్‌ప్యాక్ షీటు తెచ్చి, గ్రిల్ కొలతకూ లైట్ల కొలతకూ కత్తిరించి, రంగులు వేసేవాళ్లు వాడే మాస్కింగ్ టేపుతో అంచులన్నీ అతికించండి. అంచు ఎక్కడా లేవకూడదు, లేస్తే మళ్లీ టార్పాలిన్ కథే. బ్రౌన్ టేపు వాడొద్దు, ఎండకు జిగురు పెయింట్‌కి పట్టేస్తుంది.

గ్రిల్ మూసినప్పుడు స్టీరింగ్ మీద పెద్ద అక్షరాలతో ఒక చీటీ అంటించండి: షీటు తీయకుండా స్టార్ట్ చేయొద్దు అని. గ్యారేజీలో కారు దింపుకునేది మీరు కాదు, ఇంకెవరో.

తాడుతో లాగేటప్పుడు కారులో మనిషి కూర్చుంటాడు కాబట్టి ముందు అద్దాన్ని మూయకూడదు. ఇంజను ఆగి ఉంటే బ్రేకు పెడలు రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. ఆ మనిషికి దారి స్పష్టంగా కనిపించడం కారు అందం కంటే ముఖ్యం.

7. వేగమే రాయికి బలం

వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది. 1989 నాటి రోడ్డు నిబంధనలు లాగే బండికి గంటకు 24 కిలోమీటర్ల హద్దు పెట్టాయి. రెండు బళ్ల మధ్య దూరం 5 మీటర్లకు మించకూడదన్నాయి. వెనక బండి మీద తెల్లటి నేపథ్యం మీద 75 మిల్లీమీటర్ల నల్లక్షరాలతో 'ఆన్ టో' అని రాయమన్నాయి. చెడిపోయిన బండినే లాగాలి, అదీ దగ్గర్లోని గ్యారేజీ దాకానే అన్నాయి. 2017లో కొత్త నిబంధనలు వాటి స్థానంలోకి వచ్చినా, మేం పని నేర్చుకున్నది ఆ లెక్కల మీదే. 24లో తగిలే రాయితో పోలిస్తే 80లో తగిలే అదే రాయి దెబ్బ 11 రెట్లు. నెమ్మదిగా లాగిన కారు ముఖం మీద నేను పెద్ద దెబ్బలెప్పుడూ చూడలేదు.

మా వాడు మాత్రం అక్కడి హైవేల మీద 100లో పోతాడు. అక్కడ మంచి కారునే కట్టి లాగడం మామూలు. ఆ వేగానికి ఫ్లాపు, తెర, ఫిల్ము మూడూ కావాలి. కంకర రోడ్డు తగిలితే కారును విప్పి, ఒకరు విడిగా నడుపుకుంటూ రావడం మేలు.

8. అద్దం మీద చుక్క పడితే

ముందు అద్దం రెండు పొరల గాజు, మధ్యలో ప్లాస్టిక్ పొర. అందుకే రాయి తగిలినా పొడిపొడి కాదు, ఒక నక్షత్రం పడుతుంది. ఆ నక్షత్రాన్ని వదిలేస్తే మే నెల బిలాస్‌పూర్ ఎండలో ఏసీ వేయగానే గీత సాగుతుంది. వేడి అద్దం మీద చన్నీళ్లు కుమ్మరించినా అంతే. దెబ్బ తగిలిన వెంటనే దుమ్మూ తడీ దూరకుండా దాని మీద పారదర్శకమైన టేపు అంటించి, ఆ వారంలోనే రెజిన్ ఎక్కించుకోండి. రూపాయి బిళ్ల కంటే చిన్నదై, డ్రైవరు చూపుకు అడ్డం రాకపోతే అది బాగానే నిలుస్తుంది.

పూర్తి ఇన్సూరెన్సు ఉన్నవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. మన దేశంలో మోటారు పాలసీల్లో గాజు భాగాలకు తరుగు పట్టరు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం కోస్తారు. అంటే బంపరు పోతే సగం మీ జేబులోంచే. కానీ అద్దానికి క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోవచ్చు. రెండూ లెక్క వేసుకుని దిగండి.

9. దిగగానే తుడవొద్దు

బొగ్గు లారీల దారిలో వచ్చిన బండి మీద నల్లపొడి, సీపత్ వైపు నుంచి వస్తే కరెంటు ప్లాంటు బూడిద. ఆ బూడిదలో సిలికా ఉంటుంది. గుడ్డ పెట్టి ఒక్కసారి తుడిచారంటే దారిపొడుగునా కాపాడిన పెయింట్‌ని గుమ్మం ముందు గీకేసినట్టే. ముందు పైనుంచి కిందికి నీళ్లు ధారగా పట్టి, మట్టంతా కారిపోయాకే షాంపూ, గుడ్డ.

10. స్కూటరైతే రైలుకే ఇవ్వండి

మా కాలనీలో రిటైరై సొంతూరు వెళ్లేవాళ్లు స్కూటర్నో బైకునో సామాన్ల లారీ వెనక నిలబెట్టి కట్టేస్తుంటారు. జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు ఘాట్ల మీదుగా వెళ్లేసరికి దాని అవతారం మారిపోతుంది. విశాఖ వైపు వెళ్లే రైల్లో పార్సిల్ బుక్ చేస్తే దుమ్మూ రాళ్ల బెడదే ఉండదు. వ్యానులో పక్క సామాన్ల రాపిడి మాత్రం ఉంటుంది. కాబట్టి ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీయించి, హెడ్‌లైటుకీ మీటరుకీ అట్ట కట్టి, ట్యాంకుకీ మడ్‌గార్డుకీ గడ్డి వేసి, పైన గోనె చుట్టించండి. పార్సిల్ ఆఫీసు బయట ఈ ప్యాకింగ్ చేసేవాళ్లే ఉంటారు. దగ్గర నిలబడి చేయించుకోండి, గడ్డి దగ్గర పిసినారితనం చేయకుండా చూడండి. ఆర్సీ నకలు చేతిలో ఉంచుకోండి.

కార్ల కంపెనీలు కూడా ఈ దారే పట్టాయి. పాత ప్రయాణికుల పెట్టెల కిటికీలు మూసేసి, కొసన తలుపులు పెట్టి కార్లు ఎక్కించే వ్యాగన్లుగా రైల్వే మార్చింది. మారుతీ కంపెనీ 2013లోనే సొంతంగా కార్ల రైళ్లు నడిపే అనుమతి తీసుకుంది. 

11. బాగున్న కారును కట్టి లాగకండి

మన దేశంలో ఇదే నా తీర్పు. నడిచే కారైతే నడుపుకుంటూ పోండి. నడవనిదైతే ఫ్లాట్‌బెడ్ పిలవండి. కారు నాలుగు చక్రాలూ పలక మీద ఉంటాయి, లాగే బండి టైర్ల రాళ్లు దానికి అందవు. ఆటోమేటిక్ గేరున్న కారుకూ, నాలుగు చక్రాలకూ పవర్ పోయే కారుకూ అదే మేలైన దారి. చక్రాలు నేల మీద దొర్లిస్తే గేరుబాక్సు పోవచ్చు. చాలా ఇన్సూరెన్సు పాలసీల్లో రోడ్డు మీద సాయం కూడా చేర్చుకోవచ్చు, ముందే అడిగి పెట్టుకోండి.

లారీలు నడిపే మన తెలుగు తమ్ముళ్లకు ఒక మాట. కట్‌ఘోరా దారిలోనైనా, సాలూరు ఘాట్‌లోనైనా మీ వెనక వచ్చే స్కూటరు మీద మనిషికి అద్దం కూడా ఉండదు. లోడు మీద టార్పాలిన్ అంచుల దాకా లాగి కట్టండి. ఊడిపోయిన మడ్‌ఫ్లాపును ఈ వారంలోనే వేయించండి. రెండు ఫ్లాపులకు అయ్యే ఖర్చు ఒక కారు అద్దం ఖర్చు కంటే చాలా తక్కువ.